4.3 చిన్న వ్యాపారులకు జి.ఎస్.టి. ఊరట: కాంపొజిషన్ పథకం

4.3.1 పరిచయం

2017 జూలై 1న అమల్లోకి వచ్చిన వస్తు సేవల పన్ను (జి.ఎస్.టి.) విధానంలో వ్యాపారి అమ్మకాలపై పన్ను వసూలు చేస్తాడు. అందులోనుంచి తాను కొనుగోళ్లపై చెల్లించిన పన్నును మినహాయించుకొని, మిగిలినది ప్రభుత్వానికి కడతాడు. ఈ మినహాయింపునే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. ఇందుకు ప్రతి బిల్లుకూ లెక్క ఉండాలి. గుమాస్తాను పెట్టుకునే స్తోమత లేని దుకాణదారుకు ఇది భారమే. అందువల్ల చట్టం రెండు ఊరటలు కల్పించింది.

4.3.2 రెండు ఊరటలు

మొదటిది, నమోదు నుంచి మినహాయింపు. సొంత రాష్ట్రంలోనే, సరుకులు మాత్రమే అమ్మే వ్యాపారి వార్షిక టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలు, తెలంగాణలో 20 లక్షల రూపాయలు దాటనంతవరకు సాధారణంగా నమోదు అవసరం లేదు.

రెండవది, కాంపొజిషన్ పథకం. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ 1.5 కోట్ల రూపాయలు మించని వ్యాపారులు దీనిని ఎంచుకోవచ్చు. సరుకుల వ్యాపారులు టర్నోవర్‌పై 1 శాతం, మద్యం అమ్మని హోటళ్లు 5 శాతం కడితే సరిపోతుంది. పన్ను మూడు నెలలకోసారి, రిటర్ను ఏడాదికోసారి.

అయితే ఇందులో మూడు షరతులున్నాయి:

1. కొనుగోలుదారు నుంచి పన్ను విడిగా వసూలు చేయరాదు.
2. కొనుగోళ్లపై కట్టిన పన్నుకు క్రెడిట్ రాదు. ఇతని వద్ద కొన్నవారికీ రాదు.
3. ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మరాదు. కోదాడ వ్యాపారి విజయవాడ నుంచి సరుకు తెచ్చుకోవచ్చు గాని, పక్కనే ఉన్న జగ్గయ్యపేటకు అమ్మకూడదు.

4.3.3 ఉదాహరణ

ఒక ఎలక్ట్రికల్ దుకాణదారు 80 రూపాయల సరుకు కొన్నాడు. పన్ను రేటు 18 శాతం అనుకుందాం. పన్నుతో కలిపి 94.40 రూపాయలు చెల్లించాడు.

(అ) సాధారణ పద్ధతి: ధర 100, పన్ను 18, మొత్తం 118కి అమ్మాడు. కొనుగోలుపై కట్టిన 14.40 మినహాయించుకొని 3.60 ప్రభుత్వానికి కట్టాడు. మిగులు 20 రూపాయలు.

(ఆ) కాంపొజిషన్, గృహ వినియోగదారుకు అమ్మకం: ఈ కొనుగోలుదారుకు క్రెడిట్‌తో పనిలేదు. కనుక 118 ఇస్తాడు. 94.40 కొనుగోలు ఖర్చు, 1.18 పన్ను పోగా మిగులు 22.42 రూపాయలు.

(ఇ) కాంపొజిషన్, నమోదైన కాంట్రాక్టరుకు అమ్మకం: సాధారణ దుకాణంలో కొంటే కాంట్రాక్టరుకు 18 రూపాయల క్రెడిట్ వస్తుంది. అతనికి అసలు ఖర్చు 100 మాత్రమే. కనుక ఇక్కడ కూడా 100కు మించి ఇవ్వడు. 94.40, 1 రూపాయి పన్ను పోగా మిగులు 4.60 రూపాయలే.

4.3.4 ఎవరికి అనుకూలం?

సరుకు అదే, దుకాణం అదే. మిగులు మాత్రం 22.42 నుంచి 4.60కి పడిపోయింది. కారణం పన్ను రేటు కాదు, కొనుగోలుదారు ఎవరన్నది. '1 శాతమే కదా' అని పథకంలో చేరిన వ్యాపారి కాంట్రాక్టర్లను, సంస్థలను నమ్ముకొని ఉంటే పెద్ద ఖాతాలు చేజారిపోతాయి. వీధిలోని ఇళ్లవారికి అమ్మే దుకాణానికి ఈ పథకం సాధారణంగా మేలు చేస్తుంది. సాధారణ పద్ధతిలో ఉన్నవారు ఆర్థిక సంవత్సరం మొదలుకాకముందే దీనిని ఎంచుకోవాలి. కనుక గడిచిన ఏడాది బిల్లులు ముందేసుకొని, అమ్మకాల్లో ఎంత భాగం నమోదైన వ్యాపారులకు పోతున్నదో మొదట చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో కొనుగోలు ధర 80కి బదులు 95 అయితే, గృహ వినియోగదారుకు అమ్మేటప్పుడు ఏ పద్ధతి లాభం?

జవాబు: సాధారణ పద్ధతిలో మిగులు 5 రూపాయలు. కాంపొజిషన్‌లో 112.10 కొనుగోలు ఖర్చు, 1.18 పన్ను పోగా 4.72 రూపాయలు. లాభశాతం బాగా తక్కువైనప్పుడు ఇళ్లవారికి అమ్మినా కాంపొజిషన్ కలిసిరాదు.