చౌక క్లచ్‌తో లారీకి చేటు

దేశంలో సరుకు రవాణాలో సింహభాగం రోడ్డు మార్గానే సాగుతోంది. ఆ భారాన్ని మోసే లారీల్లో అత్యధికం ఒకటి నుంచి అయిదు వాహనాలున్న చిన్న యజమానులవే. ఫైనాన్సు వాయిదా, డీజిలు, టైర్లు, టోలు రుసుములతో సతమతమయ్యే వీరికి దారి మధ్యలో క్లచ్ కాలిపోవడం పెద్ద దెబ్బ. సరుకుతో సహా లారీ నిలిచిపోతుంది, కిరాయి పోతుంది, వాయిదా మాత్రం ఆగదు. ఆ తొందరలో నాసిరకం క్లచ్ బిగిస్తే నష్టం రెండింతలవుతుంది.

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువు పరిమితులను పెంచింది. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితి 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, మూడు ఇరుసుల లారీకి 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. అయితే పరిమితి పెరిగినంత మాత్రాన పాత లారీ క్లచ్‌కు బలం పెరగదు. అధిక లోడు, ఘాటు రోడ్లు, గంటల తరబడి ట్రాఫిక్‌లో ‘హాఫ్ క్లచ్’ మీద నడపడం... ఈ మూడూ ప్లేటును త్వరగా అరగదీస్తాయి.

ఏ రకం మేలు?

భారీ లారీలకు 352, 380, 395, 430 మిల్లీమీటర్ల వ్యాసాల్లో క్లచ్‌లు లభిస్తున్నాయి. వ్యాసం ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. మధ్యభాగంలోని పళ్ల సంఖ్య, ప్రెషర్ ప్లేటు బిగింపు శక్తి కూడా ఇంజనుకు, గేరుబాక్సుకు తగినట్లుండాలి. అందుకే మోడల్ పేరు చెప్పి ఊరుకోకుండా చాసిస్, ఇంజను నంబర్లు చూపి కొనడం శ్రేయస్కరం.

సాధారణ ఫేసింగు గల ప్లేటు మెత్తగా పట్టుకుంటుంది. నగరాల్లో తరచూ ఆగి సాగే బండ్లకు అనువైనది. సిరామిక్ బటన్లు గల ప్లేటు అధిక వేడిని తట్టుకుంటుంది. గనులు, క్వారీల టిప్పర్లకు అది నప్పుతుంది. కానీ పట్టు కటువుగా ఉండి కుదుపునిస్తుంది, ఫ్లైవీలును కూడా అరగదీస్తుంది.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

క్లచ్ మార్చాలంటే గేరుబాక్సు దించక తప్పదు. ప్లేటు ఒక్కటి మార్చినా, మొత్తం సెట్టు మార్చినా కూలి ఇంచుమించు ఒకటే. ప్లేటు మాత్రమే మార్చి పాత ప్రెషర్ ప్లేటును, రిలీజ్ బేరింగును వదిలేస్తే, కొద్ది నెలలకే గేరుబాక్సు మళ్లీ దించవలసి రావచ్చు. కనుక మూడింటినీ కలిపి మార్చడం, ఫ్లైవీలు ముఖాన్ని తనిఖీ చేయించడం, ఆయిలు లీకేజీని ముందే అరికట్టడం లాభదాయకం. నూనె తగిలిన కొత్త ప్లేటు కూడా జారుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నింటిపై జి.ఎస్.టి. 18 శాతమైంది. అంతకుముందు వీటిలో అధిక భాగంపై 28 శాతం ఉండేది. పన్ను తగ్గిన తరువాత బిల్లు లేని సరుకు వైపు మొగ్గే కారణం మరింత పలుచబడింది. బిల్లు లేనిదే వారంటీ దక్కదు. పెట్టె అసలుదైనా లోపలి ప్లేటు నకిలీది కావచ్చు. తక్కువ ధరకు వచ్చిందా అని కాక, లారీని ఎన్ని కిలోమీటర్లు నడిపించిందన్న లెక్కతో క్లచ్ విలువ కట్టినప్పుడే చిన్న యజమాని నిలదొక్కుకోగలుగుతాడు.