రక్తపుపోటు – ప్రాథమిక వైద్యుని శిక్షణ

జనులు బి.పి. అని పిలిచే రక్తపుపోటు తన రాకను చాటుకొనే వ్యాధి కాదు. ఏ బాధా తెలియనీయకుండానే అది ఏళ్ల తరబడి రక్తనాళాలను చెరచి, చివరకు పక్షవాతంగానో, గుండెపోటుగానో బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన లెక్కల ప్రకారం 30 నుండి 79 ఏళ్ల వయసు వారిలో సుమారు 128 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు; అది అదుపులో ఉన్నది అయిదుగురిలో ఒక్కరికి మాత్రమే. పోటు కొలిచే పట్టీ 1896లోనే ఇటలీలో రూపొందింది. మందులు ఖరీదైనవి కావు. మరి లోపమెక్కడ? రోగి మొట్టమొదట కలిసే ప్రాథమిక వైద్యుని శిక్షణలో దీనికి కొంత సమాధానం ఉన్నదని మేము భావిస్తున్నాము.

ఈ శిక్షణలో మొదటి పాఠం కొలత. రోగి అయిదు నిమిషాలు విశ్రాంతిగా కూర్చుండాలి. వీపుకు ఆధారం, పాదాలు నేలపై, చేయి గుండె ఎత్తున ఉండాలి; మాటలు కూడదు. చేతిపట్టీ చిన్నదైతే పోటు ఉన్నదానికంటె ఎక్కువగా కనిపిస్తుంది. సాధారణంగా ఒక్క కొలతతో వ్యాధిని నిర్ధారించరాదు.

రెండవది వాయిదా వేయకపోవడం. పోటు 140/90 కంటె తగ్గకున్నా, “వచ్చే నెల చూద్దాం” అని పాత మందునే కొనసాగించడం అనేక దేశాలలో కనబడిన లోపం. ఎప్పుడు మోతాదు పెంచాలో, ఎప్పుడు రెండవ మందు చేర్చాలో తెలిపే క్రమపట్టిక ఈ సంకోచాన్ని తొలగిస్తుంది. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే వైద్యసంస్థ ఇట్టి పట్టికను, రోగుల జాబితాను, సహాయకులచే ఉచిత పరీక్షను అమలుపరచగా, పోటు అదుపులో ఉన్నవారు 2001లో నూటికి 44 మంది నుండి 2009 నాటికి 80 మందికి పెరిగారు.

మన దేశంలో ఇదే మార్గాన భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమం 2017 నవంబరులో ఆరంభమయినది. తొలి అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. వైద్యులకూ నర్సులకూ శిక్షణ, సులభమైన చికిత్సా క్రమం, మందుల నిరంతర సరఫరా, రోగుల వివరాల నమోదు దీని మూలస్తంభాలు. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది.

మూడవ పాఠం సంభాషణ. పోటు తగ్గగానే మాత్ర మానరాదని రోగికి అతని భాషలో, ఉర్దూ అయినా తెలుగు అయినా, నచ్చచెప్పాలి. రమజాన్ ఉపవాసాలకు ముందే వైద్యుడు విచారించి, రోజుకొక మాత్రను సహరీకో ఇఫ్తార్‌కో మార్చవచ్చును. మూత్రం అధికంగా తెప్పించే మందు వాడేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆ ఒక్క ప్రశ్న అడగనందున రోగి నెల పొడుగునా మందు మానవచ్చు.

మన విద్యార్థులలో రేపటి వైద్యులున్నారు. తక్కినవారు నేడే తమ ఇంటి పెద్దలకు పోటు కొలిపించగలరు. కళాశాల కమిటీవారు ఏటా ఒక పరీక్షా దినం ఏర్పాటు చేసినచో, ఈ నిశ్శబ్ద వ్యాధి మన ఇండ్లలో ముందుగానే బయటపడగలదని మా విశ్వాసం.