కంచు మీద రెండు సంతకాలు

పాత సింబల్స్ మీద మోజున్న జాజ్ డ్రమ్మర్ల చేతికి 'ఇస్తాంబుల్' ముద్ర ఉన్న పళ్ళెం ఒకటి వస్తే, దాని మీద సంతకాలు ఎన్ని ఉన్నాయో వెతుక్కుంటారు. రెండుంటే వాళ్ళ కళ్ళు మెరుస్తాయి. ఒకటి అగోప్ తోముర్జుక్‌ది, రెండోది మెహ్‌మెత్ తమ్‌దేయెర్‌ది. రెండు పేర్లూ కలిసి ఉన్నాయంటే అది 1996కు ముందు సరుకు. ఆ ఏడాది అగోప్ చనిపోయాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి కార్ఖానా రెండయింది. ఒకటి అగోప్ పేరుతో ఆయన కొడుకుల చేతిలో, ఇంకొకటి మెహ్‌మెత్ పేరుతో నడుస్తున్నాయి.

తబలా చేసినవాడి పేరు, మృదంగానికి మూత బిగించినవాడి పేరు మనలో ఎంతమందికి తెలుసు? వాయించినవాళ్ళ పేర్లే గుర్తుంటాయి. సింబల్ విషయంలో మాత్రం చేసినవాడి పేరును వాయించేవాడు జీవితాంతం మోస్తాడు. ఎందుకో తెలియాలంటే ఆ కంచు కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

జిల్జియాన్ కుటుంబంలో చెప్పుకునే కథ ఇది. 1618లో ఇస్తాంబుల్‌లో అవేదిస్ అనే ఆర్మీనియన్ రసవాది బంగారం చేయబోయి, రాగి, తగరం కలిపి, పగలకుండా గొప్పగా మోగే ఒక కంచును సాధించాడు. సుల్తాను మెచ్చి అతనికి 'జిల్జియాన్' అన్న ఇంటిపేరు ఇచ్చాడట. టర్కీ భాషలో 'జిల్' అంటే తాళం, 'జి' అంటే చేసేవాడు, చివరి 'యాన్' ఆర్మీనియన్ ఇంటిపేర్ల తోక. అచ్చంగా మన 'కంచరి' లాంటి పేరన్నమాట. 1623లో సొంత కార్ఖానా పెట్టాడు. సుల్తాను సైన్యం ముందు నడిచే మెహ్తర్ వాద్యబృందాలకు ఆ తాళాలు కావాలి. శత్రువు గుండెల్లో దడ పుట్టించడమే వాటి పని. ఆ మోత విన్న యూరప్ దాన్ని తన సంగీతంలోకి తెచ్చుకుంది. 1782లో మొజార్ట్ తన టర్కిష్ నేపథ్యపు ఒపెరాలో సింబల్స్ వాడాడు. 1830లో బెర్లియోజ్ తన సింఫనీ ఒకదానిలో, స్పాంజి చుట్టిన కర్రతో సింబల్‌ను మృదువుగా కొట్టమని రాశాడు. యుద్ధంలో భయపెట్టడానికి పుట్టిన వస్తువుతో గుసగుస చెప్పించవచ్చని గ్రహించినవాళ్ళలో అతనొకడు.

ఆ మిశ్రమం ఏమిటన్నది ఆ కుటుంబం మూడు శతాబ్దాలకు పైగా బయటపెట్టలేదు. నిజానికి అందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఎనభై పాళ్ళు రాగి, ఇరవై పాళ్ళు తగరం, అందులో కాస్త వెండి. అసలు కష్టమంతా దాన్ని లొంగదీసుకోవడంలో ఉంది.

మా అమ్మమ్మ దగ్గర ఒక కంచు గిన్నె ఉండేది. చిన్నప్పుడు నా చేయి జారి నాపరాళ్ళ గచ్చు మీద పడింది. నెర్ర ఇచ్చింది. ఇత్తడిదైతే సొట్టపోయి ఊరుకునేది. తిట్టలేదుగానీ ఆ రోజంతా అమ్మమ్మ దాన్ని పదే పదే గోటితో మీటి చూసుకుంది. అప్పటిదాకా గంటలా మోగిన గిన్నె పెంకులా పలికింది. ఇరవై పాళ్ళ తగరం ఉన్న కంచు తీరే అది. నెమ్మదిగా చల్లారితే లోపల తగరం ఎక్కువున్న పెళుసు స్ఫటికాలు విడివడి గాజు స్వభావం వస్తుంది. చల్లటి స్థితిలో సుత్తి దెబ్బ తగిలితే పగులుతుంది. అదే కంచును ఎర్రగా, సుమారు ఆరు వందల డిగ్రీలు దాటేదాకా కాల్చి, గభాలున నీళ్ళలో ముంచితే ఆ పెళుసు స్ఫటికాలు ఏర్పడే వ్యవధి ఉండదు. వేడిలో ఉన్న అమరిక అలాగే బంధించబడి లోహం సుత్తికి లొంగుతుంది. మన కమ్మరి కొలిమిలో కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. కంచు దానికి సరిగ్గా ఎదురు.

ఈ కిటుకు ఇస్తాంబుల్‌లోనే పుట్టిందనుకోవద్దు. నీలగిరుల్లోనూ, తమిళనాడులోని ఆదిచ్చనల్లూరులోనూ రెండు వేల ఏళ్ళకు పైబడిన సమాధుల్లో దొరికిన పల్చటి కంచు గిన్నెలు ఇలాగే కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో చల్లార్చినవని లోహశాస్త్ర పరిశోధకురాలు శారదా శ్రీనివాసన్ చూపించారు. కేరళలో కంచు పని చేసేవాళ్ళ దగ్గర ఆ పద్ధతి మొన్నమొన్నటిదాకా బతికుంది. మన శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పని చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు ఇస్తాంబుల్ కార్ఖానాలోకి రండి. మూసలో పోసిన ముద్ద మందపాటి రొట్టెలా ఉంటుంది. దాన్ని కొలిమిలో కాలుస్తారు, రోలర్ల మధ్య పెట్టి నొక్కుతారు, మళ్ళీ కాలుస్తారు, మళ్ళీ నొక్కుతారు. ఒక్కసారికి సాగేది కొంచెమే. తొందరపడితే అంచు చిరుగుతుంది. పల్చబడ్డాక నడిమధ్య గిన్నెలాంటి బుడిపె తీస్తారు. దాన్ని బెల్ అంటారు. నీళ్ళలో చల్లారుస్తారు. ఆ తర్వాత మొదలయ్యే సుత్తి పనిలోనే చేసేవాడి అసలు చేయి కనబడుతుంది. పళ్ళెం దాగలి మీద కొద్దికొద్దిగా తిరుగుతుంటే, సుత్తి చెవి చెప్పినచోట పడుతుంది. ప్రతి దెబ్బా అక్కడ లోహాన్ని కాస్త సాగదీసి, చుట్టూ ఒక బిగువు పెడుతుంది. వేల దెబ్బలయ్యాక ఆ బిగువులన్నీ ఒకదానితో ఒకటి పెనుగులాడుతూ పళ్ళేన్ని వంపుగా నిలబెడతాయి. చివర తిరిగే చట్రం మీద పెట్టి ఉలితో సన్నటి గాళ్ళు చెక్కుతారు. నల్లటి పైపొర రాలి, లోపలి పసిడి రంగు బయటపడుతుంది.

ఆ శ్రమంతా ఎందుకంటే, గుడిలో జేగంట కొట్టి చూడండి. మందపాటి కంచు పలక అది. ఒక స్థాయి పట్టుకుని కదలకుండా మోగుతుంది. సింబల్ మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, పైగా వంపు. కర్ర తగిలిన తొలి క్షణంలో అది పెద్దపెద్ద అలలుగా, తక్కువ పౌనఃపున్యంతో ఊగుతుంది. ఆ ఊపు అక్కడే ఉండదు. పల్చటి వంపు లోహంలో పెద్ద అలలు విరిగి చిన్న అలలవుతాయి, అవి ఇంకా చిన్నవవుతాయి. సెకనులో ఇరవయ్యో వంతు గడిచేసరికి మూడు వేల నుంచి అయిదు వేల హెర్ట్జ్‌ల మధ్య ఒక మెరుపు చెలరేగుతుంది. మన చెవికి 'ఝుం' అని విచ్చుకున్నట్టు వినిపించేది అదే. అందులో స్వరం ఇదీ అని పట్టుకోలేం. వందల పౌనఃపున్యాలు కలగాపులగంగా లేస్తాయి. అందుకే ఏ రాగానికీ అడ్డు రాదు. ప్రతి సుత్తి గుంటా ఆ అలల దారి మారుస్తుంది కాబట్టి చేత్తో చేసిన రెండు సింబల్స్ ఎప్పుడూ ఒకలా మోగవు.

జిల్జియాన్ కుటుంబంలో ఒక శాఖ అమెరికా చేరి 1929లో మసాచుసెట్స్‌లో తయారీ మొదలుపెట్టింది. పాత పద్ధతి మాత్రం అదే కుటుంబానికి చెందిన కెరోప్ పేరు మీదుగా 'కె' ముద్రతో ఇస్తాంబుల్‌లోనే నడిచింది. 1940 ప్రాంతంలో కెన్నీ క్లార్క్ అనే డ్రమ్మర్ జాజ్‌లో లయను బేస్ డ్రమ్ మీదినుంచి రైడ్ అనే పెద్ద సింబల్ మీదికి మార్చాడు. అంతవరకూ అప్పుడప్పుడూ మోగేది ఇక పాటంతా మోగాలి. కర్ర తగిలిన చప్పుడు విడిగా వినబడాలి, దాని వెనక మంచులా ఒక గాలి నిలవాలి. ఆ గుణం టర్కీ 'కె' సింబల్స్‌లో ఉంది. వాటిని దిగుమతి చేసే గ్రెచ్ కంపెనీ బ్రూక్లిన్ గోదాములో డ్రమ్మర్లు గుట్టలు తిరగేసి, ఒక్కొక్కటీ మోగించి, నచ్చిందాన్ని ఏరుకునేవారు. మన అమ్మలు సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసేవారే, అలాగ.

ఆ 'కె' కార్ఖానాలో మికాయెల్ జిల్జాన్ దగ్గర చిన్నపిల్లలుగా పనికి చేరినవాళ్ళే అగోప్, మెహ్‌మెత్. మికాయెల్ పోయాక, 1970ల చివరికి ఆ కొలిమి ఆరిపోయింది.  ఆ విద్య మాత్రం ఆ ఇద్దరి చేతుల్లో మిగిలింది. 1980ల మొదట్లో వాళ్ళు సొంతంగా కొలిమి వెలిగించారు. న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో సోమవారం రాత్రుల బృందానికి నాయకుడైన డ్రమ్మర్ మెల్ లూయిస్ వాళ్ళ సింబల్స్ పట్టుకున్నాడు. ఆ క్లబ్బుకు వచ్చే డ్రమ్మర్లు ఆ మోత విని వాటికోసం వెతుకులాట మొదలుపెట్టారు. నిలబడదనుకున్న విద్య అలా నిలబడింది.

మెల్ లూయిస్ 1990లో, అగోప్ ఆ తర్వాత ఆరేళ్ళకు పోయారు. లూయిస్‌కి అగోప్ కొట్టిచ్చిన సింబల్స్‌ను ఎదురుగా పెట్టుకుని, అగోప్ కొడుకుల కార్ఖానా తర్వాత 'మెల్ లూయిస్ 1982' పేరుతో వాటి నకళ్ళు తీసింది. పేరు డ్రమ్మర్‌ది, సుత్తి దెబ్బల కొలత తండ్రిది, పని కొడుకులది.

హైదరాబాద్‌లో ఒక చర్చిలో డ్రమ్స్ వాయించే తమ్ముడొకడు అప్పు చేసి 22 అంగుళాల ఇస్తాంబుల్ రైడ్ తెప్పించుకున్నాడు. మొన్న ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ వెళ్ళాక నన్ను దాని పక్కన నిలబెట్టాడు. కర్ర మొనతో ఒక్కసారి తాకించాడు. దాని మీది గుంటలు కిటికీ వెలుగులో ఒకదాని పక్కన ఒకటి, ఏ రెండూ సమంగా లేకుండా కనబడుతున్నాయి. మోత పల్చబడింది. అయిపోయిందనుకుని నేను నోరు విప్పబోయాను. "ఉండన్నా," అన్నాడు వాడు, చెవి అంచుకు ఆనించి, "ఇంకా ఉంది."