వీధి ఫొటోల కోసం పిల్లలకు మొదటి కెమెరా

మీ అబ్బాయో అమ్మాయో "నాకు కెమెరా కొనిపెట్టండి, స్ట్రీట్ ఫొటోగ్రఫీ చేస్తాను" అని అడిగి ఉంటే మీకు వెంటనే రెండు సందేహాలు వచ్చి ఉంటాయి. మొదటిది డబ్బు గురించి. అన్ని వేలు పోసి కొన్న వస్తువు రెండు నెలలు తిరక్కుండా గిటార్ పక్కన, స్కేటింగ్ బూట్ల పక్కన అటకెక్కి కూర్చోదు కదా? రెండోది వీధి గురించి. పదిహేనేళ్ల పిల్లలు బజారులో ముక్కూ మొహం తెలియని వాళ్లను ఫొటోలు తీయడం మంచిదేనా? రెండూ సబబైన సందేహాలే. దుకాణంలో సేల్స్‌మన్ మొదటిదానికి సగం సమాధానం చెబుతాడు, రెండోదాని ఊసే ఎత్తడు.

స్ట్రీట్ ఫొటోగ్రఫీ అంటే పోజులు పెట్టించకుండా, లైట్లు అమర్చకుండా, బజారులో, బస్టాండులో, టీ బండి దగ్గర రోజూ జరిగే జీవితాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టుకోవడం. దీనికి స్టూడియో ఖర్చు లేదు, దూర ప్రయాణాలు అక్కర్లేదు. కావలసింది కాళ్లు, కళ్లు, ఓపిక. అందుకే ముందుగా నేను చెప్పే మాట: ఈ నెల ఏమీ కొనకండి. ఇంట్లో ఉన్న ఫోనునే వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున మీ ముందే ఇవ్వండి. ఒకే షరతు: జూమ్ చేయకూడదు, దగ్గరగా కావాలంటే నడిచి వెళ్లాలి. నాలుగు వారాల తర్వాత కూడా "ఈ ఆదివారం ఎక్కడికి వెళ్దాం?" అని వాళ్లే అడుగుతుంటే అప్పుడు కెమెరా గురించి ఆలోచించండి. అడగకపోతే మీ డబ్బు మీ దగ్గరే ఉంది, ఎవరికీ నష్టం లేదు.

కొనాలని తేలాక పెద్ద కెమెరా మీద మోజు పడకండి. పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్ మెడలో చూసినంత పెద్దది ఉంటేనే 'అసలు కెమెరా' అనే భావన మనలో చాలామందికి ఉంది. వీధికి అది పనికిరాదు. అంత పెద్ద లెన్స్ ఎదురుగా కనబడగానే మనిషి ముఖం బిగుసుకుపోతుంది, నవ్వు ఆగిపోతుంది. పైగా రెండు కిలోల సంచీని పిల్లలు నాలుగు వారాలు మోస్తారు, ఐదో వారం ఇంట్లో వదిలేస్తారు.

అసలు ఈ కళ ఇంతగా పెరిగిందే చిన్న కెమెరా వల్ల. జర్మనీలో ఓస్కార్ బార్నాక్ అనే ఇంజనీరు సినిమా ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరాను తయారుచేశాడు. 1925లో అది లైకా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెసాన్ ఆ లైకాకు ఎక్కువగా ఒకే ఒక్క 50 మి.మీ. లెన్స్ పెట్టుకుని, మెరిసే భాగాల మీద నల్ల టేపు అంటించుకుని ప్రపంచమంతా తిరిగాడు. 1948 జనవరి 30న, గాంధీజీ హత్యకు కొద్దిసేపటి ముందు ఆయన్ను కలిసినవారిలో ఈయనా ఒకరు. మన దేశంలో రఘుబీర్ సింగ్ (1942–1999) చేతిలో ఇమిడే కెమెరాతోనే భారతీయ వీధులను రంగుల్లో చూపించారు. ఈ ఇద్దరి ఫొటోలనూ మీ పిల్లలకు ఓసారి చూపించండి. కెమెరా రివ్యూ వీడియోలు పది చూసినదానికంటే అది మేలు.

ఇప్పుడు ఆ చిన్న కెమెరా స్థానంలో ఉన్నది మిర్రర్‌లెస్. పాత డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనుక ఒక అద్దం ఉంటుంది. అది వెలుతురును పైకి, వ్యూఫైండర్ వైపు మళ్లిస్తుంది. బటన్ నొక్కగానే టక్కుమని పైకి లేస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు కాబట్టి కెమెరా సన్నబడింది, చప్పుడు తగ్గింది. నేర్చుకునే పిల్లలకు ఇంకో పెద్ద లాభముంది: ఫొటో ఎంత వెలుతురుగా, ఎంత చీకటిగా రాబోతుందో తీయకముందే తెర మీద కనబడుతుంది.

దుకాణంలో అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని మెగాపిక్సెల్స్?" దాన్ని వదిలేయండి. 24 మెగాపిక్సెల్ ఫొటోతో మన ల్యాబుల్లో వేసే 12×18 అంగుళాల ప్రింటు నిక్షేపంగా వస్తుంది. అడగవలసింది సెన్సర్ ఎంత, లెన్స్ ఏమిటి, బరువెంత అని. సెన్సర్‌లో ఫుల్‌ఫ్రేమ్ (36×24 మి.మీ.) పెద్దది, ఖరీదైనది, దాని లెన్సులు ఇంకా ఖరీదు. దానికంటే చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్ బడి పిల్లలకు పూర్తిగా సరిపోతుంది. ఉదాహరణకు 2023లో వచ్చిన కెనాన్ ఆర్50 బరువు బ్యాటరీ, కార్డుతో కలిపి సుమారు 375 గ్రాములు. దానికి 28 మి.మీ. ఎఫ్/2.8 అనే బిళ్ల లాంటి పలచటి లెన్స్ (120 గ్రాములు) తగిలిస్తే మొత్తం అర కిలో, అంటే ఒక అర లీటరు నీళ్ల సీసా అంత. నికాన్ జడ్30 కూడా మంచిదే, కాకపోతే దానికి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. మే నెల ఎండలో తెర మీద బొమ్మ సరిగా కనబడదు కాబట్టి మన ఊళ్లకు వ్యూఫైండర్ ఉన్నదే నా ఓటు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 కావాలని పిల్లలు పట్టుబడుతుంటారు, సోషల్ మీడియా చలవ. చక్కటి కెమెరాయే, కానీ కొత్త మోడల్ ధర లక్షన్నర దాటింది, లెన్స్ మార్చడానికి వీల్లేదు. అది ఉద్యోగం వచ్చాక సొంత జీతంతో కొనుక్కోవలసిన వస్తువు.

కెమెరాతో పాటు ఇచ్చే కిట్ జూమ్ లెన్స్ మొదట్లో చాలు. తర్వాత ఎప్పుడైనా ఇంకొకటి కొంటే జూమ్ లేని లెన్స్ కొనండి. ఏపీఎస్-సిలో 23 నుంచి 35 మి.మీ. మధ్యది ఏదైనా మన కంటి చూపుకు దగ్గరగా ఉంటుంది. "దూరం నుంచి తీయొచ్చు" అని 200 మి.మీ. టెలిఫోటో అంటగట్టబోతే వద్దనండి. వీధిలో దూరం నుంచి తీసేవాడు చాటుమాటుగా చూసేవాడిలా కనిపిస్తాడు, ఫొటో కూడా అలాగే ఉంటుంది.

సెకండ్‌హ్యాండ్‌కు నామోషీ పడనక్కర్లేదు. 2014లో వచ్చిన సోనీ ఎ6000 లాంటివి ఈనాటికీ బాగా పనిచేస్తాయి. కొనేముందు లెన్స్‌లోకి ఫోను టార్చ్ వేసి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, తీసుకోవద్దు. కొత్తదైతే జీఎస్టీ బిల్లు, మన దేశపు వారంటీ కార్డు ఉన్నాయో లేదో చూసుకోండి. ఐదారు వేలు తక్కువకు ఇస్తామంటూ బిల్లు లేకుండా అమ్మే చోట ఆ వారంటీ ఉండదు. అదనంగా ఒక బ్యాటరీ తప్పనిసరి. ఈ చిన్న కెమెరాలు ఒక చార్జింగ్‌కు 300, 400 ఫొటోల దగ్గర అలసిపోతాయి.

ఇక వాడటం. హైదరాబాదులో ఉంటే ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల దగ్గరికో, 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌కో వెళ్లండి. విజయవాడలో కాళేశ్వరరావు మార్కెట్, విశాఖలో పూర్ణా మార్కెట్ ఉన్నాయి. ఎనిమిదిన్నర లోపు ఏటవాలు ఎండ, పొడవాటి నీడలు దొరుకుతాయి. నడినెత్తిన సూర్యుడుంటే అందరి కళ్ల కిందా నల్లటి గుంటలే వస్తాయి.

కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో పెట్టి, ఎఫ్/8 ఎంచుకుని, ఐఎస్ఓను ఆటోలో వదిలి, కనీస షట్టర్ వేగం 1/250 సెకనుగా పెట్టమనండి. నడిచే మనిషి చెదరకుండా వస్తాడు. సైకిలో ఆటోనో కావాలంటే 1/500. పాతకాలపు చిట్కా ఒకటుంది, పిల్లలు దీన్ని బాగా ఇష్టపడతారు. 23 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8లో పెట్టి మూడు మీటర్ల దగ్గర ఫోకస్‌ను ఆపేస్తే, సుమారు ఒకటిన్నర మీటరు నుంచి ముప్పై మీటర్ల దాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి. కెమెరా ఫోకస్ కోసం వెతుక్కునే పని ఉండదు, ఎత్తి నొక్కడమే. మూడు మీటర్లంటే ఎంతో ఇంటి వరండాలో అడుగులతో కొలిచి అలవాటు చేసుకోవాలి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో జాగ్రత్త: షాపుల ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో మీద అడ్డచారలు పడతాయి. అలాంటి చోట మామూలు షట్టర్‌కు మార్చి 1/100 సెకనులో తీస్తే చాలావరకు తగ్గుతాయి.

ఇప్పుడు రెండో సందేహానికి వద్దాం. నా ఉద్దేశంలో అసలు చదువు ఇక్కడే ఉంది. బహిరంగ వీధిలో ఫొటో తీయడం దానంతట అది నేరం కాదు. అలాగని ఎవరినైనా, ఎలాగైనా తీయొచ్చని కాదు. స్త్రీల ఏకాంతాన్ని దొంగచాటుగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. కంటోన్మెంటు, నౌకాదళ ప్రాంతాలు, ఫొటోలు నిషిద్ధమని బోర్డు ఉన్న ప్రతి చోటా కెమెరా సంచీలోనే ఉండాలి. గుళ్లు, మసీదులు, చర్చిల లోపల ముందు అడగాలి.

చట్టం కంటే మర్యాద పెద్దది. గాజులమ్మే ఆమెను దగ్గరగా తీయాలనుకుంటే "అమ్మా, మీ కొట్టు చాలా బాగుంది, ఒక ఫొటో తీసుకోనా?" అని అడగడం పిల్లలకు నేర్పండి. మొదటిసారి గొంతు పెగలదు. పదోసారికి అలవాటవుతుంది. అడిగితే సహజత్వం పోతుందని పుస్తకాలు చదివిన పిల్లలు వాదిస్తారు. కొంత నిజమే. కానీ అడిగిన ఐదు నిమిషాలకు ఆమె మళ్లీ తన బేరంలో పడిపోతుంది, మనల్ని మరిచిపోతుంది. అసలు ఫొటో అప్పుడు దొరుకుతుంది. తీశాక తెర మీద చూపించాలి. వద్దంటే, తీసేయమంటే, ఆమె ముందే తీసేసి నమస్కారం పెట్టి వచ్చేయాలి. వాదన వద్దు.

కొన్నింటిని అసలు తీయవద్దనే చెప్పండి: ఫుట్‌పాత్ మీద నిద్రపోయేవాళ్లు, భిక్షమెత్తేవాళ్లు, ఆసుపత్రి గేటు దగ్గర ఏడ్చేవాళ్లు, ప్రమాదాలు. కాదని చెప్పగల స్థితిలో లేని మనిషి ముఖం మన ఆల్బమ్‌కు అలంకారం కాదు. ఇతరుల చిన్నపిల్లలను వాళ్ల అమ్మానాన్నల అనుమతి లేకుండా తీయకూడదు. మన పిల్లల ఫొటోను అపరిచితుడెవరైనా తీస్తే మనకెలా ఉంటుందో అదే కొలత.

మీ పిల్లల క్షేమం మీ చేతిలో ఉంది. పదో తరగతి లోపు వాళ్లతో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. పక్కనే అంటుకుని కాదు, పది అడుగుల వెనుక. యూనిఫాం, ఐడీ కార్డు వేసుకుని వెళ్లనివ్వకండి. పట్టీ మెడలోనో మణికట్టుకో ఉండాలి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి అడుగు వేయకూడదు, మన రోడ్ల మీద అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేముందు మీరొకసారి చూడండి. కెమెరా యాప్ ఫోను నుంచి లొకేషన్‌ను ఫొటోలో చేర్చవచ్చు, ఆ సెట్టింగు ఆపేయండి.

ఇంటికొచ్చాక ఒక పని. రెండొందల ఫొటోల్లోంచి ఐదు మాత్రమే ఉంచమనండి, ఎందుకు ఉంచారో అడగండి. నచ్చిన దాన్ని పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి, మరుసటి వారం ఆ గాజులమ్మకు ఇచ్చి రమ్మనండి. ఒక టీ ఖర్చు కంటే పెద్ద ఎక్కువేమీ కాదు. ఆ తర్వాత ఆ వీధిలో మీ అబ్బాయో అమ్మాయో కొత్త మనిషి కారు.

ఒక చిన్న విషయం, ముఖ్యంగా కోస్తా జిల్లాల వారికి. వానాకాలంలో కెమెరాను తోలు సంచీలో పెట్టి బీరువాలో దాచకండి, లెన్స్‌కు బూజు పడుతుంది. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. రంగు మారే రకం పొట్లాలైతే రంగు మారినప్పుడల్లా కొత్తవి వేయండి. వారానికి ఒకసారైనా కెమెరా బయటికి తీయాలి.