యామ్, ఈజ్, ఆర్: తెలుగింటి పిల్లల ఇంగ్లీషు

నాందేడ్ జిల్లాలో, మన నాయ్‌గావ్ ప్రాంతంలో, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలున్నారు. మహారాష్ట్రలో 2000 సంవత్సరం నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు కూడా మొదలవుతోంది. అటువంటి పిల్లవాడు లేచి ‘ఐ స్టూడెంట్’ అన్నాడనుకోండి, తరగతంతా నవ్వుతుంది. ఆ నవ్వుకు జడిసి వాడు మళ్ళీ నోరు విప్పడు. నిజానికి వాడికి తెలివి తక్కువై అలా అనలేదు, తెలుగు బాగా వచ్చి అన్నాడు.

ఎలాగంటారా? ‘నేను రైతుని’ అంటే తెలుగులో వాక్యం పూర్తయింది. క్రియతో పనిలేదు. ‘ఆమె డాక్టరు’ అన్నా అంతే. ఇంగ్లీషులో ఇలా కుదరదు, నడుమ యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి ఉండి తీరాలి.

ఇక్కడే మన పిల్లలకు మరాఠీ అక్కరకొస్తుంది. ‘మీ శేత్‌కరీ ఆహే’ అంటారు కదా. (మరాఠీ ‘మీ’ అంటే ‘నేను’. కొత్తగా వచ్చిన తెలుగు చుట్టాలు దీంతో తికమకపడతారు!) ఆ ‘ఆహే’ ఉన్నచోటనే ఇంగ్లీషు యామ్. మరాఠీలో ఆహే, ఆహేస్, ఆహోత్, ఆహాత్, ఆహేత్ అని అయిదు రూపాలు పలికే పిల్లవాడికి ఇంగ్లీషులో మూడు బరువా?

ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పోలిక లేదే అని మీరడగవచ్చు. పాత క్రియలు కొన్ని కలిసిపోయి ఈ ఒక్క క్రియ అయింది. యామ్‌కు సంస్కృతం ‘అస్మి’, ఈజ్‌కు ‘అస్తి’ దూరపు చుట్టాలు. బీ అన్నది ‘భూ’ ధాతువు వైపుది.

అయితే ఒకచోట తెలుగు, మరాఠీ రెండూ దారి తప్పిస్తాయి. ‘నాన్నగారు ఇంట్లో ఉన్నారు’ అంటాం, ‘బాబా ఘరీ ఆహేత్’ అంటాం. గౌరవానికి బహువచనం వేస్తాం. అందుకే పిల్లలు ‘మై ఫాదర్ ఆర్’ అంటారు. నాన్నగారు ఒక్కరే కనుక ఈజ్ అనాలి. అందులో అమర్యాద ఏమీ లేదని పెద్దలే చెప్పాలి. యూ పక్కన మాత్రం, ఎదుట చిన్నవాడున్నా పెద్దవాడున్నా, ఆర్ తప్ప మరొకటి రాదు.

ఇంకొకటి. ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు’, ‘మలా దోన్ భావూ ఆహేత్’. ఇక్కడ ఆహేత్ వినబడింది గదా అని ఆర్ వేయకండి. ఇంగ్లీషులో ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’ అంటారు. తమ్ముడి గురించి చెబితే ‘హీ హ్యాజ్’. ఈ తేడా పుస్తకంలో చూసి నేర్చుకునేది కాదు. రాత్రి అన్నాల దగ్గర ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినీ చూపిస్తూ పిల్లల చేత పైకి చెప్పించండి.