గేమింగ్ పీసీనా, కన్సోలా? సుపేలా బజారులో ఒక లెక్క

ఉక్కు నగరం భిలాయ్‌లో జీఈ రోడ్డు మీద ఉండే సుపేలా, అక్కడి తెలుగువాళ్లకు బాగా అలవాటైన బజారు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకున్న కర్మాగారంలో, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఆ పనుల కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాల్లో ఇప్పుడు మనవళ్ల తరం నడుస్తోంది. భిలాయ్ జేఈఈ కోచింగ్‌కు కూడా పేరున్న ఊరు. కాబట్టి అక్కడ చాలా ఇళ్లలో వినిపించే పేచీ ఒకటే: ఆటలకు ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ కొనాలా, చదువుకూ ఆటకూ కలిపి ఒక పీసీ పెట్టించాలా?

ధర ఒక్కటే చూస్తే కన్సోల్‌దే గెలుపు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చింది. అంతే శక్తి ఉన్న పీసీని ఆ డబ్బుకు పెట్టించడం అప్పుడూ కష్టమే. దీనికి సగం కారణం నిర్మాణంలో ఉంది. కన్సోల్‌లో ప్రాసెసరు, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ భాగం ఒకే చిప్‌లో ఇమిడి, 16 జీబీ మెమరీని కలిసి వాడుకుంటాయి. పీసీలో ప్రాసెసరుకు ఒక మెమరీ, గ్రాఫిక్స్ కార్డుకు మరో మెమరీ. మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ అన్నీ విడివిడిగా కొనాలి.

మిగతా సగం వ్యాపారం. 2021లో అమెరికాలో ఎపిక్, యాపిల్ సంస్థల మధ్య నడిచిన కోర్టు కేసులో మైక్రోసాఫ్ట్ ప్రతినిధి ఒకరు, ఎక్స్‌బాక్స్ యంత్రాల అమ్మకం మీద తమకు ఎన్నడూ లాభం రాలేదని సాక్ష్యం చెప్పారు. మరి డబ్బు ఎక్కడ వస్తుంది? తర్వాత అమ్ముడయ్యే ప్రతి ఆటలో వాటాగా వస్తుంది. యంత్రం చవకగా ఇచ్చి, అందులో వేసే సరుకు మీద సంపాదించడమన్నమాట.

అందుకే లెక్క నాలుగేళ్లకు వేయాలి. సోనీ సొంత పెద్ద ఆటలు చాలావరకు 4,999 రూపాయలకు విడుదలయ్యాయి. ఏడాదికి మూడు కొంటే నాలుగేళ్లకు పన్నెండు, అంటే దాదాపు 60,000. యంత్రం ధరను ఆటలే దాటేశాయి! ఇవి కాక, చాలా ఆటలను ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలంటే కన్సోల్‌కు చందా కట్టాలి. పీసీలో సాధారణంగా ఆ చందా ఉండదు. స్టీమ్ వంటి దుకాణాల్లో తగ్గింపు అమ్మకాలు కూడా తరచుగా వస్తుంటాయి. అయితే కన్సోల్ వైపు ఒక మంచి మాట ఉంది. డిస్క్ కొన్నవాళ్లు ఆట పూర్తయ్యాక దాన్ని మరొకరికి అమ్ముకోవచ్చు. స్టీమ్ ఖాతాలో కొన్న ఆటను అలా అమ్ముకునే వీలు లేదు. పాత డిస్కులు చేతులు మారే స్నేహబృందం ఉంటే పై 60,000 చాలా తగ్గిపోతుంది.

చదువు కోసం ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటర్ ఎలాగూ ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. అప్పుడు ఆట ఖర్చంటే పీసీ మొత్తం ధర కాదు, గ్రాఫిక్స్ కార్డు ధర. కొనేముందు లోపలి ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లదో చూడాలి. ఆఫీసు పనికి తయారైన చిన్న క్యాబినెట్లలో అది 200 వాట్ల దగ్గరే ఆగిపోతుంది, మంచి కార్డుకు చాలదు. ల్యాప్‌టాప్ అయితే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

పెద్దవాళ్ల భయమంతా కరెంటు బిల్లు గురించి. పెద్ద ఆట నడిచేటప్పుడు ప్లేస్టేషన్ 5 సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. మధ్యరకం పీసీకి 350 అనుకుందాం. రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు మొదటిది 18 యూనిట్లు, రెండోది 31.5. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే తేడా నెలకు 81 రూపాయలు, నాలుగేళ్లకు 3,900 లోపే. ఒక కొత్త ఆట ధర కూడా కాదు!

వేడి సంగతి వేరు. ఈ యంత్రాలు తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడి వదులుతుంది. ఆ లెక్కన కన్సోల్ ఆన్ చేస్తే గదిలోకి ఇద్దరు, ఆ పీసీ ఆన్ చేస్తే ముగ్గురికి పైగా కొత్తగా వచ్చి కూర్చున్నట్టు. మే నెల భిలాయ్ ఎండలో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ పీసీకి ఒక వెసులుబాటు ఉంది. చిప్ వాడే విద్యుత్తు దాని వేగాన్ని బట్టే కాక, వోల్టేజీ వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. వోల్టేజీని పది శాతం తగ్గిస్తే అందులో ఖర్చయ్యే విద్యుత్తు సుమారు 19 శాతం తగ్గుతుంది. సెకనుకు చూపే చిత్రాల సంఖ్యను 60కి పరిమితం చేసినా వేడి తగ్గుతుంది. కన్సోల్‌లో వోల్టేజీని కంపెనీయే నిర్ణయిస్తుంది, మన చేతిలో ఉండదు.

ఆగితే ధర తగ్గుతుందన్నది పాత అనుభవం. అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 2, 2009 నాటికి 99కి దిగింది. చిప్ చిన్నదైన కొద్దీ ఒకే సిలికాన్ పలకపై ఎక్కువ చిప్‌లు వచ్చేవి, తయారీ చవకయ్యేది. ఇప్పుడు ఆ సూత్రం సన్నగిల్లింది. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నా వాటిని తయారుచేసే ఖర్చు పెరుగుతోంది. ప్లేస్టేషన్ 5 అమెరికాలో 499 డాలర్లతో మొదలై, 2025 ఆగస్టులో 549కి చేరింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలూ ఎక్కాయి, ఆ దెబ్బ పీసీ పెట్టించేవాళ్లకు నేరుగా తగులుతుంది.

ఇక మరమ్మతు. దుమ్ము పేరుకుంటే గాలి ఆడక చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. పీసీ పక్క పలక విప్పి మెత్తటి బ్రష్షుతో తుడుచుకోవచ్చు. ప్లేస్టేషన్ 5కు పై కవర్లు తీసి దుమ్ము పీల్చేంతవరకు ఫర్వాలేదు. అంతకుమించి లోపలికి వెళ్లకూడదు, చిప్ మీద వేడిని లాగే ద్రవలోహం ఉంటుంది. పీసీలో ఎస్‌ఎంపీఎస్ పోతే అదొక్కటే మార్చుకుంటాం, ర్యామ్ పోతే ర్యామ్ ఒక్కటే. కన్సోల్‌లో ప్రాసెసరు, గ్రాఫిక్స్, మెమరీ ఒకే బోర్డు మీద అతికి ఉంటాయి. వారంటీ దాటాక ఆ బోర్డు పోతే, మరమ్మతు ధర అడిగి పాత కన్సోల్ ధరతో పోల్చి చూసుకోవాల్సిందే.