మరల అక్షరాభ్యాసము

మైపాడు మొదలుకొని కృష్ణపట్నము వరకు గల సముద్రతీరపు పల్లెలలో పట్టపువారు వాడుకొను మాటలను ఏరి కూర్చవలెనన్న కోరిక నాకు ఉద్యోగములో చేరిన తొలినాళ్ళలోనే కలిగినది. చేపల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు, ఊరిపెద్దలు పెట్టు కట్టుబాట్ల పేర్లు విన్నవి విన్నట్లు చీటీలపై వ్రాసికొని, సెలవుదినములలో చాపమీద పరచి అకారాదిగా పేర్చుచుండెడివాడను. ఆ పనికి గాలియే శత్రువు. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, చెమటలు కారుచుండగా చందువకు తరువాత నెత్తళ్ళను, వంజరమునకు తరువాత సొరను సర్దుకొనుచుంటిని. పిమ్మట వానిని నోటుపుస్తకములలోని కెక్కించితిని.

2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు జిల్లాలో ఊళ్ళకు ఊళ్ళు నీట మునిగిన దినములలో మా యింటిలోనికిని నీరు వచ్చినది. పుస్తకములలో సగమునకు సిరా కరగిపోయినది. అయినను నేనంతగా దిగులు పడలేదు. పదేండ్ల క్రిందటనే వానిని ఒక డి.టి.పి. అంగడిలో టైపు చేయించి యుంటిని. అంగడి మూతపడినది గాని సి.డి. నా బీరువాపై భద్రముగానే యున్నది. దానిని కాలేజీ గ్రంథాలయములోని కంప్యూటరులో పెట్టించి చూతును గదా, ఒక్క తెలుగు అక్షరమైన లేదు! ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, కుండలీకరణములు కలగాపులగముగా తెరనిండ పరచుకొనియున్నవి.

దీని కారణము ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. ఆనాటి అచ్చుపనిలో వాడిన ఖతులు తలకట్టును, గుడిని, ఒత్తును వేరువేరు తునుకలుగా చేసి ఇంగ్లీషు అక్షరముల స్థానములలో అమర్చినవి. ఆ ఖతి యున్నచోట కంటికి తెలుగు కనబడును. లేనిచోట ముసుగు జారి ఇంగ్లీషు బయటపడును. మరియొక అంగడిలో ఆ ఖతి దొరకినది. నా మాటలు మరల కనబడగా ప్రాణము లేచివచ్చినది. వీనిని అకారాదిగా మార్చుమని అచ్చటి పిల్లవానిని అడిగితిని. అతడేదో నొక్కెను. వచ్చిన వరుసకు తలయు లేదు, తోకయు లేదు. ఆ యంత్రమునకు తెలిసినవి తునుకలే గాని అక్షరములు గావు.

అంతకంటె విచిత్రము మరియొకటి కలదు. నూనె కవళ్ళు అని నేను వ్రాసియిచ్చిన చేప పేరు ఆ ప్రతిలో 'నూనె కవులు' అని యున్నది. పాపము, టైపు చేసినవాడు తనకు తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దినాడు. మా నెల్లూరులో తిక్కనకు గురునాథుడను లేఖకుడుండెనని కథ కలదు గదా. పద్యము నడుమ ఏమి చెప్పవలెనో తోచక కవి అతనిని పిలిచి వాపోగా, అతడు దానినిగూడ పద్యములో భాగముగా వ్రాసికొని పోయెనట. అది అచ్చట చక్కగా అతికినదట. అట్టి లేఖకుడు అందరికి దొరకునా? నా లేఖకత్వము నేనే నేర్వవలెనని ఆనాడు నిశ్చయించుకొంటిని.

అప్పటికి నాకు యాభై దాటినది. కంప్యూటరును ముట్టినవాడను గాను. గురువుగా కుదిరినది మా కాలేజీలో బి.ఏ. చదువుచున్న మైపాడు ప్రాంతపు పట్టపు బాలిక. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అనగా 61 దినములు, తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము. ఆ వేసవిలో వాళ్ళ నాయన యింటిపట్టున నుండుటచే ఆమెకు చేపలబుట్టల పని లేదు. దినమునకొక గంట గ్రంథాలయమునకు వచ్చుటకు ఒప్పుకొన్నది.

మొదటి పాఠము మౌసు. వినాయకునికి లొంగిన వాహనము నాకు లొంగుటకు వారము పట్టినది. తెరమీది బాణము సగము దూరము పోవునప్పటికే ఇచ్చట బల్ల అంచు వచ్చినది. నేను లేచి బల్లను జరుపబోతిని. "దాన్ని ఎత్తి మళ్ళా మొదట్లో పెట్టండి సార్" అని ఆ పిల్ల నవ్వును బిగబట్టుకొని చెప్పినది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఈ సాధనమును సభలో ప్రదర్శించెను. దాని తొలి నమూనా కొయ్యతో చేసినది. ఆ సభలోనివారిలో ఎందరు నావలె తడబడియుందురో! చేతికి పట్టు చిక్కుటకై ఆమె నాచేత పేకాట ఆడించినది. 1990లో విండోసుతో పాటు ఆ ఆటను చేర్చుటలో, పట్టి లాగుట జనులకు అలవాటు కావలెనన్న ఉద్దేశ్యముగూడ కలదట. తెలుగు అధ్యాపకుడు పట్టపగలు గ్రంథాలయములో పేకాడుచుండగా చూచినవారు ఏమనుకొనిరో నాకు తెలియదు.

రెండవ పాఠము దుఃఖము చేత వచ్చినది. ఒక ఉదయమంతయు కూర్చుండి నలుబది మాటలు కొట్టితిని. కరెంటు పోయినది. తిరిగి వచ్చునప్పటికి తెర కడిగిన పలకవలె నున్నది. వ్రాయుచున్నది వ్రాయుచున్నంతసేపు నల్లబల్లమీది వ్రాతయే. కంట్రోలు మీటతో ఎస్ మీటను నొక్కినప్పుడే పుస్తకములోని కెక్కును. ఈ యొక్క మాట తొలిదినముననే నాకు తెలిసియున్న బాగుండెడిది. మరియొకనాడు పేజీయంతయు నల్లబరచి ఏదియో మీటను తాకగా అంతయు మాయమైనది. నా చేతులు వణకినవి. "ఏం గాదు సార్, కంగారు పడబాకండి. కంట్రోలుతో జెడ్ కొట్టండి" అన్నది. కొట్టితిని, పోయినది పోయినట్లే తిరిగివచ్చినది. ముప్పది యేండ్లు పిల్లల తప్పులను ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన నాకు, ఆ మీటను చూచినప్పుడెల్ల కొంచెము సిగ్గు కలుగును.

ఇక తెలుగు వ్రాయుట. మా విద్యార్థులు ఇంగ్లీషు అక్షరములు కొట్టి తెలుగు రప్పింతురు. వీవెన్ 2006లో రూపొందించిన 'లేఖిని' అట్టిదే. దానివలన ఎందరో తెలుగు వ్రాయగలిగిరి, కాదనను. కాని 'నెల్లూరు' అనుటకు మనసులో మొదట ఇంగ్లీషు స్పెల్లింగు మెదలుట నాకు రుచింపలేదు. అందుచే విండోసులోనే యున్న ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికను పట్టుకొంటిని. ఇచ్చటనే నా భయము సగము తీరినది. ఎడమచేతి వైపున అచ్చులును గుణింతపు గుర్తులును, కుడిచేతి వైపున హల్లులు. క యున్న మీటనే షిఫ్టుతో నొక్కిన ఖ. గ యున్న మీటనే షిఫ్టుతో నొక్కిన ఘ. అల్పప్రాణ మహాప్రాణములను నాకు ఎవరో క్రొత్తగా చెప్పవలెనా?

నెల్లూరు అనుటకు ఎనిమిది నొక్కులు: న, ఎత్వము, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘము, ర, కొమ్ము. ఒత్తును వెదకనక్కరలేదు, హల్లునకు పొల్లు చేర్చి మరియొక హల్లును పలికిన, సంయుక్తాక్షరము తనంత తానే యేర్పడును. 'క్రమ'లో క్రావడి చూపునకు ఎడమకు వంగియున్నను, యంత్రము అడుగునది క, పొల్లు, ర అను పలుకుబడి వరుసయే. పాతఖతి ఆకారమును దాచినది, ఇది ధ్వనిని దాచుచున్నది. 1991లో తొలిసారి వెలువడిన యూనికోడు ప్రమాణములో తెలుగునకు 128 స్థానములు కలవు. క సంఖ్య 3093, ఖ 3094, గ 3095. ఇట్లే వర్ణమాల నడచును. బండిరాకు 3121 అను స్థానము, అరసున్నకు 3073 అను స్థానము కేటాయించియున్నారు. ఈ రెండును పాఠ్యపుస్తకములలో అరుదైన కాలమున అచ్చట వానిని చూచి నాకు కలిగిన ఆనందము వ్యాకరణము చెప్పువారికే తెలియును.

మాటలన్నియు ఎక్కించి, ఎంచి, అకారాదిగా పేర్చుమని నొక్కితిని. చాపయు చీటీలును గుర్తుకు వచ్చినవి. ఆ నిమిషమున గ్రంథాలయములో ఫ్యాను గిఱ్ఱున తిరుగుచునే యున్నది!

ఆ పిల్ల జాబితాను పైనుండి చదువుచు ఒకచోట ఆగినది. నిఘంటువును నమ్మి 'దురాయి' అను మాటకు 'ఒట్టు' అని అర్థము వ్రాసియుంటిని. "అట్టా కాదు సార్" అన్నది. "కాపులు దురాయి పెడితే ఆ దినం ఎవురూ వేటకు పోకూడదు. ఒట్టు మనం పెట్టుకొనేది, ఇది ఊరు పెట్టేది." ఇన్నేండ్లు ఆ మాట నా చీటీలో తప్పుగానే యున్నదన్నమాట. నేను కుర్చీలోనుండి లేచి ఆమెను కూర్చుండబెట్టితిని. ఆ అర్థమును ఆమెయే టైపు చేసినది.

ఇప్పుడు ఆ జాబితా ఆమె ఫోనులోను ఉన్నది. అచ్చటను అక్షరము చెదరలేదు. వాళ్ళ అవ్వ నోట విన్నవెల్ల చేర్చి పంపుచుండును. మొన్న వచ్చినవానిలో ఒక గాలి పేరు కలదు, నేనెన్నడును విననిది. దానిని ఎచ్చట చేర్చవలెనో యంత్రము చూచుకొనును. ఆ గాలి ఏ మాసమున వీచునో, అది వీచినప్పుడు పడవ పోవచ్చునో పోరాదో అవ్వను అడుగవలెను. వచ్చు ఆదివారము మైపాడునకు పోవుచున్నాను.